గాలి పల్చబడితే బంతికి పండగే

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో షెడ్డు నడిపే మాబోటి వాళ్లం మోటారు కొనేటప్పుడు హార్స్‌పవరు, స్పీడు, ధర చూస్తాం. కేటలాగు అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. సముద్ర మట్టానికి 1,000 మీటర్ల ఎత్తు వరకే ఈ రేటింగు వర్తిస్తుందని. భిలాయ్ ఎత్తు 300 మీటర్లే కాబట్టి మాకు దానితో పని పడదు. అంతకు మించి పైకి వెళితే గాలి పల్చబడుతుంది, మోటారు వేడి సరిగ్గా దిగదు. అందుకే అదే మోటారుకి తక్కువ లోడు ఇవ్వాలి. డీజిల్ జనరేటరు, ఎయిర్ కంప్రెసరు సంగతీ అంతే. పల్చటి గాలంటే నష్టమని నా వృత్తి నాకు నేర్పింది. దానివల్ల బాగుపడే వస్తువు ఒకటుందని డెన్వర్ వెళ్లాక చూశాను. అది గోల్ఫ్ బంతి.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయ్ వచ్చింది స్టీల్ ప్లాంటు పని కోసం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసుని ప్రారంభించారు. ఆ రోజుల్లో మా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఈ ఊళ్లోనే ఉండిపోయారు. మేం సెక్టార్ల సందుల్లో క్రికెట్ ఆడి పెరిగినవాళ్లం. గోల్ఫ్ కర్ర నా చేతికొచ్చింది నడి వయసులో, విశాఖలో మా బావగారింట్లో ఉన్నప్పుడు. అక్కడి ఈస్ట్ పాయింట్ క్లబ్బు సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఆ ఉప్పుగాలిలో నేర్చుకున్న దూరాలే నా లెక్కలు. సెవెన్ ఐరన్‌తో బాగా తగిలితే 130 గజాలు.

డెన్వర్‌లో అమ్మాయి, అల్లుడు ఉంటారు. ఊరి ఎత్తు 5,280 అడుగులు, అంటే సరిగ్గా ఒక మైలు. రాష్ట్ర ప్రభుత్వ భవనం మెట్ల మీద ఆ మైలు ఎత్తుకి గుర్తు పెట్టారు. తర్వాత మళ్లీ కొలిచినప్పుడల్లా మెట్టు మారింది. పాత గుర్తులు చెరపకుండా కొత్తవి పెట్టుకుంటూ వచ్చారు. కొలతలతో బతికేవాడిని కాబట్టి ఆ మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

అల్లుడు నన్ను మునిసిపల్ గోల్ఫ్ కోర్సుకి తీసుకెళ్లాడు. నగరపాలక సంస్థ నడిపే కోర్సులు అక్కడ చాలా ఉన్నాయి. సభ్యత్వం అక్కర్లేదు, సిఫార్సు అక్కర్లేదు, రుసుము కట్టి ఎవరైనా ఆడొచ్చు. మన దగ్గర ఈ ఆట క్లబ్బు గేటు దాటి బయటికి రాదు. అది మారాలని నా కోరిక. జెండా 137 గజాల దూరంలో ఉంది. నేను ఇంకాస్త దూరం కొట్టే సిక్స్ ఐరన్ తీయబోతుంటే అల్లుడు, "మావయ్యగారూ, అది అక్కర్లేదు, సెవెన్ చాలు. ఇక్కడి గాలి మీ విశాఖ గాలి కాదు" అన్నాడు. కొట్టాను. తగిలిన తీరు మామూలే, ఎగిరిన తీరు వేరు. విశాఖలో బంతి ఎక్కుతూ ఎక్కుతూ పైన ఒక క్షణం ఆగినట్టుండి దిగుతుంది. ఇక్కడ అంత పైకి పోలేదు. కాస్త చదునుగా, తొందరేమీ లేనట్టు ముందుకి పోతూనే ఉంది. గ్రీన్ మధ్యలో పడి, ఆగాల్సిన చోట ఆగకుండా వెనక అంచు దాకా దొర్లింది.

ఒక మైలు ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టం కంటే సుమారు 15 శాతం తక్కువ. అలాంటప్పుడు బంతి కూడా 15 శాతం ఎక్కువ పోవాలి కదా? పోదు. ఆరు శాతం దగ్గర ఆగిపోతుంది. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. గాలి బంతికి అడ్డు పడుతుంది, అదే గాలి బంతిని మోస్తుంది కూడా. కర్ర ముఖం వాలుగా తగలడంతో బంతి వెనక్కి తిరుగుతూ లేస్తుంది. మా లేత్ మీద పని ముక్క నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితేనే కళ్లు తిరుగుతాయి. మేటి ఆటగాళ్ల సెవెన్ ఐరన్ బంతి నిమిషానికి ఏడు వేల చుట్ల లెక్కన తిరుగుతుంది. ఆ తిరుగుడు గాలిని కిందికి నెడుతుంది, గాలి బంతిని పైకి నెడుతుంది. బంతి మీద మూడు నాలుగు వందల గుంటలు ఉంటాయి. అవి బంతి చుట్టూ ఉన్న గాలి పొరను దానికి అంటిపెట్టుకుని ఉండేలా చేసి అడ్డును బాగా తగ్గిస్తాయి. నున్నటి బంతిని అంతే బలంగా కొట్టినా దాదాపు సగం దూరమే పోతుంది. చెట్టు పాలతో చేసిన గుట్టపెర్చా బంతుల కాలంలోనే ఆటగాళ్లు దీన్ని కనిపెట్టారు. కొత్త బంతి కంటే దెబ్బలు తిని గాట్లు పడ్డ పాత బంతే బాగా ఎగిరేదట. బంతి మీద గుంటలకు పేటెంటు 1905లో వచ్చింది.

గాలి పల్చబడితే అడ్డు తగ్గుతుంది, మోత కూడా తగ్గుతుంది. అడ్డు తగ్గిన లాభంలో కొంత మోత తగ్గిన నష్టానికి పోతుంది. మిగిలిందే ఆ ఆరు శాతం. వెయ్యి అడుగుల ఎత్తుకి సుమారు 1.2 శాతం అని గుర్తు పెట్టుకుంటే చాలు. విశాఖలో 250 గజాలు కొట్టేవాడికి హైదరాబాదులో ఐదు గజాలు, బెంగుళూరులో తొమ్మిది, డెన్వర్‌లో పదిహేను, ఊటీలో ఇరవైకి పైగా కలుస్తాయి. ఇంకో సంగతుంది. బంతిని పక్కకి లాగేదీ ఆ గాలే. కాబట్టి స్లైస్ అయిన బంతి ఎత్తయిన చోట అంతగా వంకర పోదు. కొత్తవాళ్లకి ఇది వరం. కావాలని వంపు తిప్పి చెట్టు దాటించాలనుకునే నేర్పరికి మాత్రం ఇబ్బంది.

డెన్వర్ శివార్లలోని చెర్రీ హిల్స్‌లో 1960 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ జరిగింది. చివరి రౌండుకి ఆర్నాల్డ్ పామర్ ఏడు స్ట్రోకులు వెనకబడి ఉన్నాడు. మొదటి హోలు 346 గజాలు. ఆ రోజుల చెక్క డ్రైవరుతో ఒక్క దెబ్బకే బంతిని గ్రీన్ మీదికి చేర్చాడు. 65 కొట్టి టైటిల్ పట్టుకెళ్లాడు. ఆ దెబ్బలో డెన్వర్ గాలి వాటా ఇరవై గజాల దాకా ఉంటుందని నా లెక్క. పామర్ ధైర్యం దానివల్ల తగ్గదు. ఆ గాలి ఆ రోజు ఆడినవాళ్లందరికీ ఉంది, గెలిచింది మాత్రం అతనే.

2018లో మెక్సికో సిటీ పక్కన చపుల్తెపెక్ కోర్సులో డబ్ల్యూజీసీ (వరల్డ్ గోల్ఫ్ చాంపియన్‌షిప్స్) పోటీ జరిగింది. అక్కడి ఎత్తు 7,500 అడుగులకు పైనే. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లందరి మధ్య మన శుభంకర్ శర్మ, 21 ఏళ్ల కుర్రాడు, మూడో రౌండు ముగిసేసరికి అందరికంటే ముందున్నాడు. చివరి రోజు వెనకబడి తొమ్మిదో స్థానం పంచుకున్నాడు. అయినా ఆ వారం నాకు మరువరానిది. అంత ఎత్తులో ప్రతి కర్ర దూరాన్నీ మళ్లీ మొదటి నుంచి రాసుకోవాలి. కంటికి కనిపించేదాన్ని నమ్మకూడదు, కాగితం మీది అంకెను నమ్మాలి. ఆ వయసులో అది చిన్న విషయం కాదు.

ఇక భిలాయ్ సంగతికి వస్తాను. గాలి పల్చబడటానికి ఎత్తొక్కటే కారణం కాదు, వేడి కూడా కారణమే. మా ఊళ్లో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు మామూలు. పీడనం, ఉష్ణోగ్రత పెట్టి సాంద్రత లెక్క కట్టాను. ఆ మధ్యాహ్నం భిలాయ్ గాలి, సున్నా డిగ్రీల చలిలో డెన్వర్ గాలి, బరువులో దాదాపు ఒక్కటే. ఇటు ఎండ కాచే మైదానం, అటు గడ్డకట్టే మైలు ఎత్తు ఊరు. ఘనమీటరుకి రెండింట్లోనూ కిలో మీద కాస్తంతే. ఎగిరే బంతికి గాలి తరఫున తేడా ఏమీ తెలియదు. విమానం నడిపేవాళ్లకి ఇది రోజూ చేసే లెక్కే. వేసవి మధ్యాహ్నాల్లో ఎత్తయిన ఊళ్ల నుంచి లేచే విమానాలు బరువు తగ్గించుకోవాల్సి వచ్చేది ఇందుకే. డెన్వర్ చలిలో బంతికి మరో దెబ్బ కూడా ఉంది. లోపలి రబ్బరు బిగుసుకుని ఊపు తగ్గుతుంది. అందుకే చలి ఊళ్లవాళ్లు బంతిని జేబులో వెచ్చగా ఉంచుకుంటారు.

తేమ గురించి కూడా చెప్పాలి. విశాఖ ఉక్కపోతలో గాలి బరువెక్కి బంతి తక్కువ పోతుందని అక్కడివాళ్లు గట్టిగా నమ్ముతారు. నిజం దానికి ఎదురు. నీటి ఆవిరి పొడి గాలి కంటే తేలిక. తేడా ఒకటి, ఒకటిన్నర శాతం మించదు గానీ, అది బంతికి అనుకూలమే. అక్కడ బంతి తక్కువ పోయేది ఊరు సముద్ర మట్టాన ఉండటం వల్ల, ఎదురుగాలి వల్ల. బేస్‌బాల్ వాళ్లు మాత్రం తేమను వేరేలా వాడుకున్నారు. డెన్వర్ కూర్స్ ఫీల్డులో బంతులు మరీ దూరం పోతున్నాయని 2002 నుంచి వాటిని తేమ నిలిపిన గదిలో భద్రపరుస్తున్నారు. వాళ్లు గాలిని మార్చలేక బంతిని మార్చుకున్నారు.

బంతికి ఇంత మేలు చేసే గాలి మనిషిని మాత్రం పీలుస్తుంది. అడుగడుక్కీ ఆయాసం రాదు గానీ, మూడో నాలుగో హోలు దగ్గర గుట్ట ఎక్కేసరికి తెలుస్తుంది. చెమట పట్టినట్టే ఉండదు. పొడి గాలి పట్టిన చెమటను పట్టినట్టే ఆరబెట్టేస్తుంది. దాహం తెలిసేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది. భిలాయ్ ఎండ మనల్ని ముందే హెచ్చరిస్తుంది, ఒళ్లు మండించి నీడకి తరుముతుంది. డెన్వర్ ఎండ చల్లగా ఉంటుంది, అందుకే ప్రమాదం. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకి అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి. "నాన్నా, చెవులకి కూడా రాసుకో" అని మా అమ్మాయి లోషన్ చేతిలో పెట్టేది. పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకి నేను చెప్పేదీ అదే. అంచున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, సంచిలో రెండు సీసాల నీళ్లు. దిగిన రోజే ఆటకి వెళ్లొద్దు. బీపీ మందులు వాడేవాళ్లు ముందు డాక్టరుని అడగండి. వేసవిలో పొద్దున్నే ఆడి మధ్యాహ్నానికి ముగించండి. కొండల మీద కట్టుకున్న మబ్బు భోజనాల వేళ దాటాక ఉరుములతో దిగుతుంది. మెరుపు హెచ్చరిక రాగానే కర్రలు దించి లోపలికి వెళ్లాలి. చేతిలో లోహపు కర్రతో బయలు ప్రదేశంలో నిలబడటం కంటే చెడ్డ పని ఉండదు.

డెన్వర్‌కి దక్షిణాన క్యాసిల్ పైన్స్ అనే కోర్సు ఇంకా ఎత్తున, 6,000 అడుగుల పైన ఉంది. 2024 ఆగస్టులో అక్కడ బీఎండబ్ల్యూ చాంపియన్‌షిప్ జరిగింది. కోర్సు పొడవు 8,130 గజాలు, పీజీఏ టూర్ చరిత్రలోనే అత్యధికం. చదివిన వెంటనే గుండె ఆగుతుంది గానీ, ఎత్తు తీసేసి చూస్తే 7,500 గజాల పైచిలుకే. అర్హత పొందిన యాభై మందిలో ఆఖరివాడుగా వచ్చిన కీగన్ బ్రాడ్లీ గెలిచాడు. ఆ యాభై మందిలో మన తెలుగు కుర్రాడు తీగల సాహిత్ కూడా ఉన్నాడు. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్లినవాళ్లు. అతను 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక వంకరతోనే ఆట నేర్చుకున్నాడు. 2023 సెప్టెంబరులో నాపాలో తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు.

క్యాసిల్ పైన్స్ పోటీ ఆదివారం ముగిసింది. సీజన్ ఆఖరిదైన టూర్ చాంపియన్‌షిప్ గురువారం అట్లాంటాలో మొదలైంది. అట్లాంటా ఎత్తు సుమారు వెయ్యి అడుగులు, అంటే మా భిలాయ్ అంతే. వారమంతా ఆరేడు శాతం కలుపుకుని కొట్టిన చేతులు మూడు రోజుల్లో ఆ లెక్కంతా తీసేయాలి. ఒకటి రెండు కర్రల తేడా అది. ఈ ఆటలో నేను అన్నిటికంటే గౌరవించేది ఈ పనినే, టీవీలో మాత్రం ఇది కనబడదు. మూడో రౌండులో బంకరులో కర్ర వెనక్కి తీసేటప్పుడు ఇసుక తగిలిందని సాహిత్ తనంతట తానే చెప్పి రెండు స్ట్రోకుల పెనాల్టీ వేయించుకున్నాడు. అయినా నాలుగు రోజులూ ఆడి, స్కాటీ షెఫ్లర్, కాలిన్ మోరికావాల తర్వాత మూడో స్థానంలో నిలిచాడు. ఆ సెప్టెంబరులోనే ప్రెసిడెంట్స్ కప్‌లో అమెరికా జట్టు తరఫున మాంట్రియల్ వెళ్లాడు. అక్కడి కోర్సు దాదాపు సముద్ర మట్టానికి దగ్గర, అంకెలు మళ్లీ మార్చుకోవాల్సిందే.