నెలోర్-ఆంగస్ సంకరణం: మూలజాతి ప్రాధాన్యం

19వ శతాబ్దం నుండి బ్రెజిల్‌కు ఎగుమతైన ఒంగోలు పశువుల సంతతియే నేటి నెలోర్ జాతి. ఎండను, పిడుదులను తట్టుకోవడం దీని ప్రత్యేకత. అయితే దీని కండరాలలోని అధిక కాల్పాస్టాటిన్, వధానంతరం మాంసాన్ని మెత్తబరచే కాల్పెయిన్ ఎంజైమును నిరోధిస్తుంది. అందువలన మాంసం గట్టిగా ఉంటుంది. కండరాల మధ్య కొవ్వు కూడా తక్కువ.

ఈ లోపాన్ని సవరించడానికి అక్కడి రైతులు నెలోర్ ఆవులకు స్కాట్లాండు మూలాలు గల ఆంగస్ ఆబోతుల వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయిస్తున్నారు. మొదటి తరం దూడలు సంకర తేజం వలన త్వరగా పెరుగుతాయి. మాంసం మృదువుగా ఉంటుంది. వాటిని తిరిగి మూలజాతులలో ఒకదానితో కలిపితే ఆ తేజం సుమారు సగానికి తగ్గుతుంది. కనుక మొదటి తరం దూడ కావాలంటే ప్రతిసారీ శుద్ధజాతి ఆవు ఉండవలసిందే.

గుంటూరు సమీపాన లాం పశు పరిశోధనా స్థానంలో ఒంగోలు జాతి పరిరక్షణను ఈ దృష్టితోనే చూడాలి: మూలజాతి నశిస్తే సంకరణానికీ ఆధారం ఉండదు.