ఫాంటసీ క్రికెట్: సికింద్రాబాద్ రమ్మీ కేసు నుంచి డ్రీమ్11 బ్రేక్ దాకా.. అసలు కథ ఇదీ!

ఐపీఎల్ చూసేవాళ్లకు ఆ యాడ్స్ గుర్తుండే ఉంటాయి. స్టార్ క్రికెటర్ నవ్వుతూ టీమ్ పెట్టుకోమంటాడు. చివర్లో ఓ గొంతు, వెనకాల ఎవరో తరుముతున్నట్టు, గబగబా చదివేస్తుంది.. డబ్బు పోయే ప్రమాదం ఉంది, అలవాటుగా మారొచ్చు, బాధ్యతగా ఆడండి అని. సరే కదా అని హైదరాబాద్‌లోనో విజయవాడలోనో యాప్ ఓపెన్ చేస్తే, డబ్బు కట్టే పోటీలు మీ రాష్ట్రంలో లేవనేది.

విచిత్రం ఏంటంటే, దేశంలో ఈ ఆట ఇన్నేళ్లు 'లీగల్' అనిపించుకోవడానికి ఆధారమైన తీర్పుల్లో ఒకటి మన సికింద్రాబాద్ కేసులోనే వచ్చింది.

రమ్మీ టేబుల్ దగ్గర మొదలైంది

1963లో సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్‌పై పోలీసులు రైడ్ చేశారు. డబ్బులు పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో కోర్టు ఏం చెప్పిందంటే.. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి. అంటే ఇది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు. ప్రైజ్ పోటీల కేసులో 1957లోనే 'నైపుణ్యం వేరు, జూదం వేరు' అని గీత గీసిన కోర్టు, దాన్ని రమ్మీకి వర్తింపజేసింది.

అయితే అదే తీర్పులో ఇంకో మాట ఉంది. పందెం ఆట మీద క్లబ్ యజమాని లాభం తీసుకుంటే మాత్రం నేరం కావొచ్చని. తర్వాతి రోజుల్లో మొదటి మాటను అందరూ వాడుకున్నారు. ఈ రెండో మాటను ఎవరూ పెద్దగా తలుచుకోలేదు.

క్రికెట్‌లోకి ఎలా వచ్చింది?

ఫాంటసీ ఆట మాత్రం మనది కాదు. 1980లో న్యూయార్క్‌లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన స్నేహితులు బేస్‌బాల్ మీద మొదలుపెట్టిన లీగ్ దీన్ని పాపులర్ చేసింది. వాళ్లు కలిసి భోంచేసే రెస్టారెంట్ పేరే దానికి పెట్టారు.. రొటిస్సరీ లీగ్. సీజన్ మొత్తానికి ఒకటే టీమ్, ఓపిగ్గా ఆడాల్సిన ఆట. 2006లో అమెరికా ఆన్‌లైన్ జూదం చెల్లింపులపై చట్టం తెచ్చినప్పుడు, కొన్ని షరతులతో ఫాంటసీని పక్కన పెట్టింది.

ఐపీఎల్ పుట్టిన 2008లోనే మన దగ్గర హర్ష్ జైన్, భవిత్ సేఠ్ డ్రీమ్11 పెట్టారు. ఆ తర్వాత సీజన్ పోయి ఒక్క మ్యాచ్‌కే టీమ్ అనే పద్ధతి వచ్చింది. 100 క్రెడిట్లలో 11 మందిని ఎంచుకోవాలి. కెప్టెన్‌కి రెండింతలు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు పాయింట్లు. 2017 ఏప్రిల్‌లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఇది నైపుణ్యం ఆటేనని చెప్పింది. ఆ కేసు వేసింది ఎవరో కాదు, అందులో డబ్బు పోగొట్టుకున్న ఓ ఆటగాడే!

అక్కడి నుంచి ఊపు మామూలుగా లేదు. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్, 2023లో టీమిండియా జెర్సీ మీద పేరు.

మ్యాచ్ చూసే తీరే మారిపోయింది

రాత్రి 7 గంటలకు టాస్, ఏడున్నరకు మొదటి బంతి. ఆ అరగంటే అసలు టెన్షన్. ప్లేయింగ్ 11 రాగానే టీమ్ మార్చాలి, కెప్టెన్‌ని ఫిక్స్ చేయాలి. ఎప్పుడూ వినని దేశవాళీ బౌలర్ల పేర్లు కుర్రాళ్లు గుక్క తిప్పుకోకుండా చెప్పడం మొదలైంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మనవాళ్లు గెలిచినా, తన కెప్టెన్ డకౌట్ అయ్యాడని ముఖం మాడ్చుకునే ఫ్యాన్ కూడా ఈ ఆటతోనే పుట్టాడు. 'పక్కా టీమ్' అంటూ టెలిగ్రామ్‌లో అమ్మేవాళ్లు సరేసరి.

ఆటగాళ్లను ఎంచుకోవడంలో తెలివి లేదనలేం. కానీ 49 రూపాయలు కట్టి లక్షల టీమ్‌లతో పోటీ పడేటప్పుడు, ఒక్క రాత్రిలో ఆ తెలివి ఎంతవరకు పనికొస్తుంది? పైగా పోటీలో ఒక్కరే బోలెడు టీమ్‌లు పెట్టొచ్చు. ఒకే టీమ్‌తో వచ్చిన కాలేజీ కుర్రాడు ఎవరితో తలపడుతున్నాడో అతనికే తెలియదు.

ముందు నో అన్నది మనమే

చండీగఢ్‌లో తీర్పు వచ్చి రెండు నెలలైనా కాకముందే, 2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని జూదం చట్టంలోకి లాగింది. రమ్మీలో అదృష్టం కూడా ఉంది కాబట్టి అది నైపుణ్యం ఆట కాదని రాసింది. రమ్మీకి రక్షణ తెచ్చిన ఊరున్న రాష్ట్రమే ఆ రక్షణ తీసేసిందన్నమాట! 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా నిషేధించి, 132 సైట్లు, యాప్‌లను బ్లాక్ చేయాలని కేంద్రానికి లేఖ రాసింది.

2023 అక్టోబర్ నుంచి ఆటగాళ్లు వేసే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ పడింది. 2025 ఆగస్టులో పార్లమెంట్ ఏకంగా చట్టమే చేసింది. ఏటా సుమారు 45 కోట్ల మంది దాదాపు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారన్నది కేంద్రం లెక్క. కొత్త చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని అడగదు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆట అయితే చాలు, నిషేధమే. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. యాడ్ చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. ఆడినవాళ్లకు మాత్రం శిక్ష లేదు.

డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది, జెర్సీ నుంచి కూడా తప్పుకుంది. ఆ సెప్టెంబర్ ఆసియా కప్‌లో టీమిండియా జెర్సీ మీద స్పాన్సర్ పేరే లేదు. గేమింగ్ కంపెనీలు ఈ చట్టాన్ని కోర్టులో సవాల్ చేశాయి. మరోపక్క, గుర్రప్పందేలు నైపుణ్యమేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పడంతో మలక్‌పేట రేస్‌కోర్సులో అవి నడుస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు మీ ఫోన్‌కి 'డబ్బు పెట్టండి, టీమ్ పెట్టండి' అని లింక్ వస్తే అది చట్టం అనుమతించిన యాప్ కాదు, ఎక్కడో విదేశాల నుంచి నడిచేది కూడా కావొచ్చు. అందులో డబ్బు వేసి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.