సైన్యంలో చేరేటప్పుడు పాత జబ్బు చెప్పాలా?

2024 డిసెంబరు 8 నుంచి 16 వరకు మన గచ్చిబౌలి స్టేడియంలో అగ్నివీర్ ర్యాలీ జరిగింది. మీ విరాళాలతో చదువుకున్న ఒక అబ్బాయి ఆన్‌లైన్ పరీక్ష పాసై దానికి సిద్ధమయ్యాడు. చిన్నప్పుడు అతనికి ఫిట్స్ వచ్చేవి. మందులు మన సొసైటీయే ఇప్పించింది. "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా సార్, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అని తల్లి మమ్మల్ని అడిగింది.

ఆమె అన్నదీ నిజమే. కన్ను, చెవి, పాదం డాక్టరు చూసి పట్టుకుంటాడు. ఫిట్స్ సంగతి మాత్రం మనం చెబితేనే తెలిసేది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే సైన్యం తీసుకోదు. దాచి చేరితే, బయటపడిన రోజున ఉద్యోగం పోతుంది. తుపాకీతో కాపలాలో ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే పక్కవాడి ప్రాణం కూడా ప్రమాదంలో పడుతుంది.

మూర్ఛ కారణంగా పంపేసిన ధరంవీర్ సింగ్ అనే సైనికుడి కేసులో 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చేరినప్పటి రికార్డులో జబ్బు రాసి లేకపోతే అది సర్వీసులో వచ్చినదిగానే భావించాలంది. దాచడానికి ఇదే ఆధారమని కొందరంటారు. మాకలా అనిపించదు. అది ఉన్నది ఉన్నట్టు చెప్పి చేరినవాడికి రక్ష. అగ్నివీర్‌కు పెన్షన్ లేదు. సేవ వల్ల వైకల్యం కలిగితే శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు ఇస్తారు. దాచిన జబ్బుతో ఆ సొమ్ము అడగడం కష్టం.

పాత జబ్బులన్నీ అడ్డు కావు. కాబట్టి ఆసుపత్రి కాగితాలు పారేయవద్దు. అనర్హుడన్నా సైనిక ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష కోరవచ్చు.

అబ్బాయి పరుగు పూర్తి చేసి, వైద్య పరీక్షలో నిజం చెప్పాడు. ఇంటికి పంపేశారు. చాలా రోజులు మాతో మాట్లాడలేదు. ఈ ఏడాది పాలిటెక్నిక్ ఫీజుల పద్దులో అతనిదీ ఒకటుంది.