బీరువాకూ గాలాడాలి

కార్తీకం ముసురు పట్టిందని నెల్లూరు తీరంలో మొదట చెప్పేది వంటింట్లో ఉప్పు డబ్బా. రాళ్లుప్పు చెమ్మగిల్లి అడుగున నీరు ఊరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా కరగడం మొదలుపెడుతుంది. ఇస్కపల్లి మడుల్లో పండే సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది అంతకన్నా ముందే నీళ్లను లాగుతుంది. వంటింట్లో అందరికీ తెలిసిన ఈ సంగతి పడగ్గదిలోకి వచ్చేసరికి గుర్తుండదు. మైపాడులోనో తుమ్మలపెంటలోనో దండెం మీద ఆరిన చీరకు సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు కంటికి కనపడనంత సన్నగా పట్టి ఉంటుంది. ఎండలో పెళపెళలాడిన బట్ట బీరువాలో పెట్టిన వారానికే మెత్తబడటానికి అదొక కారణం. రంగుల వారీగా పేర్చాలా, చుట్టలు చుట్టి నిలబెట్టాలా అన్నవి తర్వాతి ముచ్చట్లు. ఇక్కడ బట్టలు సర్దేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది తేమ సంగతి.

ఆ లెక్కన మన బీరువా పుట్టుకలోనే పేచీ ఉంది. పూర్వం రోజువారీ బట్టలు దండెం మీద, గాలిలోనే ఉండేవి. పండగ బట్టలకు మాత్రం పెట్టె. తర్వాత ఇనప బీరువా వచ్చింది. గోద్రెజ్ కంపెనీ 1897లో తాళాలతో మొదలై, ఇనప్పెట్టెలు చేసి, 1923లో ఉక్కు బీరువా దగ్గరకు చేరింది. అంటే బీరువా తాళంకప్పకు మనవడి వరస. దొంగను దృష్టిలో పెట్టుకుని చేసిన వస్తువది. లోపలి లాకర్ చుట్టూ మిగిలిన చోటును మనం బట్టలతో నింపాం. బంగారానికి గాలి అక్కర్లేదు, నూలుకు కావాలి. మామూలు తేమలోనే నూలు తన బరువులో దాదాపు 8 శాతం, పట్టు సుమారు 11 శాతం నీటిని పట్టుకుని ఉంటాయి. పాలిస్టర్‌లో అది అర శాతం కూడా ఉండదు. ముసురు రోజుల్లో నూలు, పట్టు ఇంకా పీల్చుకుంటాయి. చుట్టూ గాలి కదలకుండా తేమ 65-70 శాతం పైన రోజుల తరబడి నిలిస్తే బూజు పడుతుంది. ఇప్పటి ప్లైవుడ్ వార్డ్‌రోబ్‌లు ఇంకో మెట్టు దిగాయి, వాటిని ఏకంగా గోడలోనే కట్టేస్తున్నారు. ఈ జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. ఆ జల్లు ఎక్కువగా కొట్టేది తూర్పు, ఉత్తరపు గోడలను. బీరువాను నైరుతిలో పెట్టమని వాస్తు చెప్పేవాళ్ల ఉద్దేశం డబ్బు నిలవడం కావచ్చు. ఫలితం మాత్రం బట్టలకు దక్కుతుంది, ఆ మూల గోడ తక్కువ తడుస్తుంది కదా!

కాబట్టి సర్దడం ఖాళీతో మొదలవ్వాలి. అరలో పావు వంతు ఖాళీగా, వెనక్కూ గోడకూ మధ్య అరచేయి దూరేంత సందుతో. నీళ్లు పీల్చని పాలిస్టర్ బట్టలు గాలాడని లోపలి మూలల్లోకి, నూలు, పట్టు తలుపు తీస్తే గాలి తగిలే చోటికి రావాలి. వెంకటగిరి చీరలకు మరో జాగ్రత్త కావాలి. సన్నని నూలు, జరీ అంచు, కట్టినప్పుడు నిలబడటానికి గంజి. పాత పుస్తకాల్లో పాకే వెండిరంగు పురుగుకు ఆ గంజే భోజనం. తుఫాను నెలల్లో కట్టని చీరకు గంజి వదిలించి, ఉతికి దాచడమే మేలు. జరీలో ఉండే రాగి, వెండి ఉప్పుగాలికి రంగు మారతాయి కనుక దానికి జిప్పు ప్లాస్టిక్ కవరు కన్నా పాత మల్లుగుడ్డ నయం. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే జరీ ఆ గీత వెంబడే విరుగుతుంది. రెండు మూడు నెలలకోసారి మడత మార్చడం చాదస్తం కాదు. సంక్రాంతికి ముసురు వెళ్లిపోతుంది. భోగికి ఇల్లు దులిపే అలవాటు సరిగ్గా బీరువా తెరవాల్సిన రోజుల్లోనే పడటం మన అదృష్టం. పట్టును ఎండలో కాకుండా నీడపట్టున ఆరబెట్టాలి. జపాన్‌లోని నారా నగరంలో 8వ శతాబ్దపు నేతబట్టలు దాచిన షోసోయిన్ భాండాగారాన్ని కూడా ఏటా శరత్కాలంలో, గాలి పొడిబారాకే తెరుస్తారు.

ఇంత తతంగం దేనికి, నాలుగు కలరా ఉండలు పడేస్తే సరిపోదా అంటారు. అవి పురుగును చంపాలంటే వాటి ఆవిరి మూసిన పెట్టెలో దట్టంగా నిలవాలి. గాలాడే బీరువాలో అది జరగదు. ఇక ఆ ఆవిరి గాలిలోని తేమను తగ్గించేది కాదు. పైగా జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసిబిడ్డలకు ఆ బట్టలు చుడితే ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. పురిటింటి బట్టల దగ్గరకు వాటిని రానివ్వకూడదు. సిలికా జెల్ పొట్లాలు పనిచేస్తాయి, నిజమే. కానీ చెప్పుల డబ్బాలో వచ్చిన చిటికెడు పొట్లం నిలువెత్తు బీరువాకు ఏ మూలకు? నిండిన జెల్‌ను మళ్లీ వేడిచేసి ఆరబెట్టే ఓపిక ఎందరికి? ఏసీ గది గాలిని పొడిబారుస్తుంది, మూసిన తలుపు వెనక ఉన్న గాలిని కాదు.

అసలు గట్టి అభ్యంతరం వేరు. పావు వంతు ఖాళీ ఎక్కడినుంచి తెస్తాం, రెండు గదుల ఇంట్లో? ఆనందమివ్వని బట్టను వదిలేయమని జపాన్ రచయిత్రి మరీ కోండో 2011 నాటి తన పుస్తకంలో చెప్పి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. ఆ ప్రశ్న మన బీరువాకు అతకదు. ఇక్కడ చీరల గుట్టలో చాలా భాగం ఎవరూ కోరి కొన్నవి కావు, పెళ్లికీ గృహప్రవేశానికీ వచ్చిన పెట్టుబడి చీరలు. అవి ఆనందం కోసం రాలేదు, చుట్టరికం కోసం వచ్చాయి. వాటిని వదిలించుకోవడం తప్పనిపించడం సహజం. అయితే వచ్చిన చీర మళ్లీ పెట్టుబడిగా వెళ్లిపోవడమూ మన పద్ధతే. ఫాల్ కుట్టించని చీరలను బీరువా అరల్లోంచి తీసి, వాళ్లకిచ్చేవి వీళ్లకిచ్చేవి అనుకుంటూ ఒక సంచిలో వేరుగా ఉంచితే సగం ఇరుకు తగ్గుతుంది. నలిగిన నూలు చీరలకు బొంతలున్నాయి. భోగి మంటలో పాలిస్టర్ వేయడం మాత్రం పనికిమాలిన పని, వచ్చేది నల్లటి పొగ.

చివరి మాట కింది అర గురించి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయినప్పుడు, కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. బరువైన పట్టుచీరలు కిందుంటేనే బీరువా నిలకడగా ఉంటుందని వాటిని అడుగున పెట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. నీళ్లు మొదట తాకేది ఆ అరనే. అక్కడ దుప్పట్లు, పాలిస్టర్ పెడితే తడిసినా ఉతికి ఆరేసుకోవచ్చు. పట్టు నడుము ఎత్తుకు పైన ఉండాలి, లేదా ట్రంకుపెట్టెలో. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే పెట్టెను ఇద్దరు పట్టుకుని మేడ మీదికి చేర్చగలరు. బీరువాను కదపాలంటే నలుగురు రావాలి, అదీ ఖాళీ చేశాక.