బోరులో గోరువెచ్చని నీరు: పై ఊట, అడుగు నీరు కలియు తీరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతములలో లోతైన బోరు నుండి గోరువెచ్చని నీరు వచ్చినచో, అడుగున అగ్నిపర్వతమున్నదేమోయని కొందరు శంకింతురు. ఆ శంకకు ఆధారము లేదు. అయితే ఆ వెచ్చదనమును తేలికగ తీసికొనరాదు. మీ బోరు తోడుచున్నది పై ఊట కాక, చిరకాలము బండ సందులలో నిలిచిన నీరు కావచ్చును. దానిని పరీక్షింపక త్రాగుట ప్రమాదము.

వేడి ఎక్కడిది?

భూమి లోనికి దిగినకొలది వేడి పెరుగును. మన పురాతన శిలలలో ప్రతి 100 మీటర్లకు సుమారు 1 నుండి 2 డిగ్రీల సెంటీగ్రేడు అధికమగును. కావున 1,000 అడుగుల బోరు అడుగున, పై ఊట కంటె 3 నుండి 6 డిగ్రీలు ఎక్కువ ఉండుట సహజము. చలికాలపు ఉదయమున మామూలు బావి నీరును వెచ్చగనే తోచును. అది గాలి చల్లబడుట వలన కలుగు భ్రమ.

అగ్నిపర్వత ప్రాంతముల సంగతి వేరు. అచ్చట వాననీరు పగుళ్ళ గుండ లోతునకు దిగి, మిక్కిలి వేడెక్కి, తేలికయై మరల పైకి వచ్చును; దారిలో చల్లని ఊటతో కలియును. ఐస్‌లాండు దేశస్థులు అట్టి నీటితో ఇండ్లను వెచ్చపరచుకొని, గాజు ఇండ్లలో కూరగాయలు పండించుచున్నారు. కాని ఇథియోపియా, కెన్యా దేశముల లోయలలో అదే వేడినీరు త్రాగునీటి బావులకు ఫ్లోరైడును తెచ్చిపెట్టుచున్నది.

వేడినీటికి అగ్నిపర్వతమే ఉండనక్కరలేదు. గోదావరి లోయలో మణుగూరు వద్ద పగిడేరు బోరు నుండి వేడినీరు వచ్చుచున్నది. అది లోతున వేడెక్కి పైకి వచ్చిన నీరే.

మన రాళ్ళ స్వభావము

మన రెండు జిల్లాల అడుగున అధికభాగము సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు జాతి రాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు పడమటి అంచున, కొడంగల్ వైపున మాత్రము, సుమారు 6.6 కోట్ల ఏండ్ల క్రిందట పారిన లావా నల్లరాయిగ గట్టిపడినది. అచ్చటి నల్లరేగడి ఆ రాతి నుండి ఏర్పడినదే. ఆ లావా ఏనాడో చల్లారినది.

అగ్నిపర్వతము లేకున్నను ఫ్లోరైడు బాధ మనకు తప్పలేదు. గ్రానైటులోని కొన్ని ఖనిజములందు ఫ్లోరైడు కలదు. నీరు ఎక్కువకాలము రాతిని అంటియున్నకొలది అది కరుగును. కాల్షియము తక్కువై సోడా గుణము హెచ్చిన నీటిలో మరింత కరుగును. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో పండ్లు గారపట్టుట, ఎముకలు వంగిపోవుట దీని ఫలితమే.

రెండు నీళ్ళ కలయిక

పైనున్న మొరం పొరలో వాననీరు ఇంకి ఊటగ నిలుచును. దాని క్రింద గట్టి బండ, నీరుండునది పగుళ్ళలోనే. బోరు ఈ రెంటిని కలుపు గొట్టము వంటిది. ఎడతెగక తోడినచో పై ఊట క్రిందికి జారి ప్రక్కవాని బావి ఎండును. పై నీరు తగ్గినకొలది పాత నీటి పాలు హెచ్చును. అట్లని లోతు బోర్లన్నిటిలో ఫ్లోరైడు కలదని గాని, లోతులేని బావులన్నియు మంచివని గాని తలచరాదు. పరీక్షయే ప్రమాణము.

చేయవలసిన పనులు

1. మోటారును అరగంట నడిపి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, నిండుగ పట్టి పరీక్షకు పంపవలెను. సర్వే నంబరు, బోరు లోతు, పైరు వ్రాసి అంటించవలెను.

2. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు అనుమతి కలదు. కాచినందున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడును. త్రాగుటకు, వంటకు మిషన్ భగీరథ నీటినే వాడుడు.

3. సోడా గుణము హెచ్చిన నీరు నేలను కారు చవుడుగ మార్చును. పరీక్షా ఫలితము ననుసరించి జిప్సము వేయుడు.

4. కేసింగు పైపును గట్టి బండ తగులువరకు దింపి, చుట్టును మూసివేయవలెను. లేనిచో పై మురికి లోనికి దిగును.

5. కుంటలు, చెరువుల పూడిక తీయుడు. చెలకలలో వాలునకు అడ్డముగ గట్లు వేయుడు. ఇంకిన వాననీరు ఊటను నిలుపును, చెడు నీటిని పలుచన చేయును.

గ్రామాధికారులు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతిలేని బోర్లను అరికట్టవలెను. ప్రతి బోరు లోతును, నీటి పరీక్షా ఫలితమును ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, క్రొత్త బోరు వేయదలచిన రైతునకు డబ్బు, బిడ్డలకు ఎముకల బలము దక్కును. నీరు పడక మరి 300 అడుగులు దింపదలచినప్పుడు, ఆ ఖర్చులో కొంత పై ఊటను నిలుపుటకు వినియోగించిన మేలేమో యోచించుడు.