జంట యాంటెన్నాలు.. పక్కవాడికి అందని పిలుపు!

* రెండు బిగిస్తే బలం రెట్టింపు కాదు
* ముందు, వెనకలకు మేలు.. పక్కలకు కోత
* లారీ లెక్క వేరు, పడవ లెక్క వేరు

తిరువొత్తియూరు: ఒక యాంటెన్నాతో ఇంత దూరం వినపడుతోంది కదా, ఇంకోటి తగిలిస్తే రెండింతలు పోదా? వైర్‌లెస్ సెట్టు ఉన్న బండికైనా, పడవకైనా ఎవరికైనా వచ్చే ఆలోచనే ఇది. పైగా క్యాబిన్‌కు రెండు వైపులా రెండు తీగలు ఊగుతుంటే చూడ్డానికీ బాగుంటుంది. 1970లలో అమెరికా లారీ డ్రైవర్లు అద్దాల పక్కన ఇలాగే జంటగా బిగించుకునేవారు. కానీ లెక్క తెలియకుండా బిగిస్తే కొన్ని దిక్కులకు మన గొంతు తగ్గిపోతుంది. 2016 డిసెంబరు 12న వర్దా, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాన్లకు చెన్నైలో సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి వేళ వైర్‌లెస్సే దిక్కు. అందుకే ఈ లెక్క తెలుసుకోవాలి.

కోనేట్లో రెండు రాళ్లు

గుడి కోనేట్లో ఒక రాయి వేస్తే అల అన్ని వైపులకూ గుండ్రంగా పోతుంది. ఒంటరి యాంటెన్నా కూడా అంతే. పక్కపక్కనే రెండు రాళ్లు ఒకేసారి వేస్తే? అలలు కలిసిన చోట నీరు ఎత్తుగా లేస్తుంది, ఒకదానికొకటి ఎదురుపడ్డ చోట అణిగిపోతుంది. రేడియో తరంగాలదీ అదే తీరు. రెండు యాంటెన్నాలకు సమానంగా దూరమున్న దిక్కుల్లో, అంటే బండి ముందు, వెనక, బలం కూడుతుంది. పక్కలకు ఒక తరంగం ముందు, ఇంకోటి వెనక చేరతాయి కాబట్టి బలం తగ్గుతుంది. సెట్టు ఇచ్చే వాట్లు మాత్రం పెరగవు. ఉన్నదాన్నే రెండూ పంచుకుంటాయి.

ఎన్నూరు రోడ్డుపై లారీ

మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సిటిజన్ బ్యాండ్‌లో 5 వాట్ల లోపు సెట్లకు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. ఆ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. లారీ వెడల్పు మహా అయితే రెండున్నర మీటర్లు, అంటే తరంగంలో పావు వంతు కూడా రాదు. ఈ దూరంలో పక్కలకు పోయే బలం, ముందుకు పోయేదాంట్లో సగానికి కాస్త పైన ఉంటుంది. ఎన్నూరు రోడ్డు తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. ఆ రోడ్డు మీద కంటైనర్ల వరసలో నిలబడ్డ లారీ మాట ఎన్నూరు వైపు, రాయపురం వైపు బాగానే పోతుంది. పడమట మణలి వైపు మాత్రం తగ్గుతుంది. అదే లారీ మణలి రోడ్డుకు తిరిగితే లెక్క తారుమారు!

సముద్రం మీద అసలు చిక్కు

పడవల వీహెచ్‌ఎఫ్ సంగతి ఇంకా సున్నితం. ఆపదలో పిలిచే 16వ ఛానల్ 156.8 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. తరంగం పొడవు 1.9 మీటర్లే. పడవ క్యాబిన్‌పై మీటరు ఎడంలో అటొకటి, ఇటొకటి పెట్టి రెంటికీ ఒకేలా కరెంటు అందిస్తే, అది దాదాపు సగం తరంగం. అప్పుడు సరిగ్గా పక్కలకు మాట పోనే పోదు! తూర్పు ముఖంగా వెళ్తున్న పడవకు ఉత్తరాన, దక్షిణాన వల వేస్తున్న తోటి పడవలకు పిలుపు అందదు. అదే ఎడం రెండు మీటర్లయితే పక్కలకు మళ్లీ వినపడుతుంది గానీ, ముందువైపు నుంచి 30 డిగ్రీలు తిరిగిన చోట గుంట పడుతుంది. ఆపదలో ఉన్నవాడు ఏ దిక్కున సాయం ఉందో చూసి పిలవడు కదా!

కేబుల్ కొలత తప్పితే..

రెండు యాంటెన్నాలకూ వెళ్లే కేబుళ్లు సమానంగా ఉండాలి. ఒకటి పొడుగైతే దాని తరంగం ఆలస్యమై, బలం ఒక పక్కకు ఒరుగుతుంది. 27 మెగాహెర్ట్జ్ జంటలకు 75 ఓమ్‌ల కేబుల్‌ను చెరో 18 అడుగులు వాడేది అందుకే. అది కేబుల్ లోపల తరంగంలో ముప్పావు వంతు. దానివల్ల రెండూ కలిసే చోట సెట్టుకు కావాల్సిన 50 ఓమ్‌లకు దగ్గరగా వస్తుంది. వాడకుండా వదిలేసిన తీగ దగ్గర్లో ఉన్నా ప్రభావం తప్పదు.

గాదంకిలో 1,024

ఇదే సూత్రాన్ని శాస్త్రవేత్తలు కావాలని వాడుకుంటారు. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో ఎంఎస్‌టీ రాడార్‌కు 32 వరసల్లో 32 చొప్పున 1,024 యాంటెన్నాలున్నాయి. 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తూ ఆకాశంలోకి సన్నని పుంజాన్ని పంపుతాయి. యాంటెన్నాల మధ్య ఆలస్యాన్ని మారుస్తూ పుంజాన్ని వంచుతారు. అక్కడ పని ఒక దిక్కుకే. పడవకు కావాల్సింది అన్ని దిక్కులూ.

ఎత్తే మేలు

మరి దూరం పెరగాలంటే? వీహెచ్‌ఎఫ్‌లో ఎత్తే అసలు బలం. రెండు పడవల్లోనూ యాంటెన్నా 4 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 16 కిలోమీటర్లు అందుతుంది. ఒక పడవలో దాన్ని 9 మీటర్లకు లేపితే 20 దాటుతుంది. రెండో యాంటెన్నాకు పెట్టే డబ్బు గట్టి స్తంభానికి, ఉప్పుగాలికి తుప్పు పట్టని మంచి కేబుల్‌కు పెడితే లాభం. ఒక్కటే యాంటెన్నా, ఎత్తున, చుట్టూ ఖాళీగా.. తుపాను వేళ మన మాట నాలుగు దిక్కులకూ చేరడానికి అదే దారి!