ఇటుకగా మారిన ఈ-రీడర్: ఫర్మ్‌వేర్ పునర్లేఖనంతో పునరుద్ధరణ (కోబో గ్లో ఆధారంగా)

వ్యాససంగ్రహం

పనిచేయడం మానివేసిన ఈ-రీడర్‌ను, దాని ఫర్మ్‌వేర్‌ను తిరిగి రాయడం ద్వారా బాగుచేసే పద్ధతిని కోబో గ్లో పరికరం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. పరికరం మేల్కొనే క్రమంలో ఏ దశ దెబ్బతిన్నదో తేల్చుకొని, ఆ దశను మాత్రమే సరిచేయాలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన. మరొక పరికరం నుంచి తెచ్చిన సంపూర్ణ ప్రతిని యథాతథంగా రాయడం వల్ల కలిగే నష్టాన్ని కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఈ-రీడర్, ఫర్మ్‌వేర్, బూట్‌లోడర్, ఈ-ఇంక్, మైక్రో ఎస్‌డి కార్డు, నకలు

1. ప్రస్తావన

మీట నొక్కినా, ఛార్జరు తగిలించినా స్పందించని ఎలక్ట్రానిక్ పరికరాన్ని 'ఇటుక' అనడం సాంకేతిక వర్గాలలో పరిపాటి. బరువుంది, ఆకారముంది, ఉపయోగం మాత్రం లేదని దాని భావం. ఫోను ఇలా అయిపోతే అందులోని సమాచారం చాలావరకు మరోచోట భద్రంగా ఉంటుంది. ఈ-రీడర్ సంగతి వేరు. దుకాణంలో కొన్న పుస్తకాలు ఖాతా ద్వారా తిరిగి వస్తాయి గాని, పాఠకుడు కంప్యూటరు నుంచి స్వయంగా చేర్చుకొన్న పుస్తకాలకూ, వాటిలో గీసుకొన్న గీతలకూ, రాసుకొన్న వ్యాఖ్యలకూ తరచుగా ఆ పరికరమే ఏకైక నివాసం.

తెలుగు పాఠకులకు ఈ మాట మరింత వర్తిస్తుంది. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణం భారతీయ భాషా పుస్తకాలను ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అందులో ఉన్నాయి, తెలుగు లేదు. కనుక తెలుగు గ్రంథాలను ఈ-రీడర్‌లో చదవదలచినవారు ఫైళ్లను తామే చేర్చుకోవలసి వచ్చింది. ఒత్తులు, గుణింతాలు చెదరకుండా కనబడడానికి కొత్త ఫాంట్లను, కోరీడర్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను స్థాపించుకోవడం కూడా మామూలైంది. అవి చక్కగా పనిచేసేవే. అయితే వ్యవస్థా ఫైళ్లను తాకే పని ఏదైనా సగంలో ఆగితే, పరికరం తిరిగి మేల్కొనకపోయే అవకాశం ఉంటుంది. పరిశోధకుడు ఏళ్ల తరబడి పెట్టుకొన్న గుర్తులు పోతే వాటిని తిరిగి కొనుక్కోవడానికి దుకాణమేదీ లేదు.

కోబో సంస్థ 2009లో కెనడాలోని టొరంటోలో ఆరంభమైంది. పుస్తకం అనే అర్థమున్న ఆంగ్ల పదంలోని అక్షరాలను అటూ ఇటూ మార్చగా ఏర్పడిన పేరది. 2012లో జపాను సంస్థ రకుటెన్ దానిని సొంతం చేసుకొంది. అదే ఏడాది విడుదలైన గ్లో, 2013లో కోబో భారతీయ విపణిలోకి ప్రవేశించినప్పుడు ఇక్కడికీ వచ్చింది. ఈ వ్యాసానికి ఆ నమూనాను ఎంచుకోవడానికి కారణం దాని నిర్మాణమే. గ్లోలో అంతర్గత జ్ఞాపకం బోర్డుకు అతికించిన చిప్ కాదు; వెనుక మూత కింద, బోర్డు మీది గూటిలో అమర్చిన 2 గిగాబైట్ల మైక్రో ఎస్‌డి కార్డు. పుస్తకాల కోసం బయటి అంచున ఉన్న గూడు వేరు, ఇది వేరు. ఈ లోపలి కార్డును బయటకు తీస్తే పరికరపు మెదడంతా కంప్యూటరు ముందు తెరుచుకొంటుంది.

2. తెర సాక్ష్యం చెల్లదు

ఈ-ఇంక్ తెరలోని సూక్ష్మగోళాలలో నల్లని, తెల్లని రేణువులు వ్యతిరేక విద్యుదావేశాలతో తేలుతూ ఉంటాయి. విద్యుత్ క్షేత్రం మారినప్పుడే అవి కదులుతాయి. విద్యుత్తు ఆగిపోతే ఉన్నచోటనే నిలిచిపోతాయి. అందువల్ల చివరిసారి కనబడిన పుస్తకపు అట్ట, పరికరం పూర్తిగా నిర్జీవమైన తరువాత కూడా నెలల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. తెర మీద బొమ్మ ఉన్నది కాబట్టి లోపల ఏదో నడుస్తోందనుకోవడం, బొమ్మ మారలేదు కాబట్టి లోపల ఏదీ నడవడం లేదనుకోవడం రెండూ పొరపాట్లే. తెర తీగ ఊడిపోయిన గ్లో లోపల చక్కగా మేల్కొని ఉండవచ్చు.

కాబట్టి రోగనిర్ణయం తెర నుంచి కాక విద్యుత్తు నుంచి మొదలుకావాలి. నెలల తరబడి సొరుగులో పడి ఉన్న రీడర్‌లో లిథియం బ్యాటరీ వోల్టేజి బాగా పడిపోతే, దాని రక్షణ వలయం సరఫరాను తెంచివేస్తుంది. అట్టి స్థితిలో ఉన్న పరికరం అచ్చం ఇటుకలాగే ఉంటుంది. కొన్ని గంటలపాటు ఓపికగా ఛార్జి చేయడం, యూఎస్‌బి తీగను మార్చి చూడడం, పరికరాన్ని పూర్తిగా ఆపి తిరిగి ప్రారంభించడం అన్నవి మూత తెరవడానికి ముందు చేయవలసిన పనులు. ఫర్మ్‌వేర్ చెడిందని తీర్మానించిన సందర్భాలలో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

3. మేల్కొనే క్రమం

గ్లోలో ఉన్నది ఫ్రీస్కేల్ సంస్థవారి ఐ.ఎమ్‌ఎక్స్ 50 శ్రేణి ప్రాసెసర్. విద్యుత్తు అందగానే అది మొదట తనలోనే చెరగని విధంగా ముద్రితమై ఉన్న చిన్న ప్రోగ్రామును నడుపుతుంది. ఆ ప్రోగ్రాము పాడుకాదు. దానిని ఎవరూ తిరిగి రాయలేరు. దాని ముఖ్యమైన పని: కార్డు ఆరంభం నుంచి 1 కిలోబైటు దూరంలో ఉన్న బూట్‌లోడర్‌ను వెదికి నడపడం. యూ-బూట్ అనే ఆ బూట్‌లోడర్ బోర్డును సిద్ధంచేసి, లినక్స్ కెర్నల్‌ను జ్ఞాపకంలోకి తెస్తుంది. కెర్నల్ మొదటి విభాగంలోని వ్యవస్థను తెరుస్తుంది. ఆ వ్యవస్థ కొన్ని ప్రారంభ ఆదేశాలను అమలుచేసి, చివరకు నికెల్ అనే పఠన అనువర్తనాన్ని లేపుతుంది. పాఠకుడు ఈ-రీడర్ అని భావించేది ఈ చివరి మెట్టునే.

కార్డు మీద మూడు విభాగాలుంటాయి. మొదటిది నడిచే వ్యవస్థ, రెండవది పునరుద్ధరణ ప్రతి. ఇవి 256 మెగాబైట్ల చొప్పున ఉంటాయి. మిగిలిన చోటంతా పుస్తకాల విభాగం. కంప్యూటరుకు తగిలించినప్పుడు కనబడేది ఇదొక్కటే. చదువరి గుర్తులు, వ్యాఖ్యలు, పఠన పురోగతి ఇందులోని కోబో అనే దాగిన ఫోల్డరులో ఒక దత్తనిధి ఫైలుగా ఉంటాయి.

అయితే అసలు కీలకమైన ప్రదేశం ఈ మూడింటిలోనూ లేదు. మొదటి విభాగం మొదలుకాకముందు కొన్ని మెగాబైట్ల మేర పేరు లేని స్థలం ఉంది. బూట్‌లోడర్, కెర్నల్ అక్కడే ఉంటాయి. వాటితోపాటు పరికరపు క్రమసంఖ్య, ఆ బోర్డుకు ఏ తెర, ఏ స్పర్శ నియంత్రకం అమర్చారో చెప్పే హార్డ్‌వేర్ వివరణ, తెరను నడిపే తరంగరూప పట్టిక కూడా అక్కడే. ఏ ఫైలు నిర్వాహకంలోనూ ఈ స్థలం కనబడదు. విభాగాలను మాత్రమే నకలు తీసుకొని అన్నీ దాచుకొన్నామనుకొనేవారు కోల్పోయేది దీనినే.

4. ముందు నకలు, పిమ్మట మరమ్మతు

తయారీదారులు సాధారణంగా సూచించే పరిష్కారం కర్మాగార పునఃస్థాపన. కొన్ని మీటలను నిర్ణీత క్రమంలో నొక్కి పట్టితే, రెండవ విభాగంలోని ప్రతి మొదటి విభాగంలోకి తిరిగి వ్యాపిస్తుంది. వ్యవస్థ వరకు అది మంచి మందే. కాని ఆ క్రియ పుస్తకాల విభాగాన్ని కూడా తుడిచివేస్తుంది. పోగొట్టుకోకూడదనుకొన్నదానిని మొట్టమొదటి చికిత్సే తీసుకుపోవడం విచిత్రం. గుర్తులు ముఖ్యమైన చోట పునఃస్థాపన ఆఖరి అస్త్రంగానే ఉండాలి.

శిథిలమైన తాళపత్రాన్ని విప్పి పరిష్కరించడానికి ముందు దాని ప్రతిబింబాన్ని సేకరించడం లిఖిత గ్రంథ భాండాగారాలలో పనిచేసేవారికి తెలిసిన నియమం. ఇక్కడా అదే క్రమం. పల్చని ప్లాస్టిక్ బద్దతో వెనుక మూతను విడదీసి, బ్యాటరీ సంధానాన్ని తప్పించి, కార్డును బయటకు తీయాలి. దానిని కార్డ్ రీడర్ ద్వారా కంప్యూటరుకు జోడించినప్పుడు, విండోస్ వ్యవస్థ మొదటి రెండు విభాగాలను గుర్తించలేక వాటిని ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. అవునని నొక్కితే పని చెడుతుంది. ఆ ప్రశ్నను రద్దుచేయాలి. లినక్స్ వ్యవస్థను వాడితే ఈ చిక్కే ఉండదు.

నకలు కార్డు మొత్తానికీ, తొలి బైటు నుంచి తుది బైటు వరకు తీయాలి. కార్డులో చదవరాని చోట్లు ఉంటే మామూలు నకలు ఆదేశం అక్కడ ఆగిపోతుంది. గ్నూ డీడీ-రెస్క్యూ వంటి సాధనం చదవగలిగినదంతా మొదట చదివి, మొండికేసిన చోట్లను గుర్తుపెట్టుకొని, తరువాత మళ్లీ ప్రయత్నిస్తుంది. నకలు తీసిన పిమ్మట ప్రయోగాలన్నీ నకలు మీదనో, మరో కార్డు మీదనో జరగాలి. మూలం కవరులో భద్రంగా ఉండాలి.

5. ఏ దశకు ఏ లేఖనం

నకలు చేతిలో ఉన్నప్పుడు లోపం ఎక్కడుందో వెదకడం తేలిక. అన్నిటికంటె సామాన్యమైన లోపం పుస్తకాల విభాగంలోనిది. కంప్యూటరు నుంచి సరిగా విడదీయకుండా తీగ లాగివేయడం దీనికి మామూలు కారణం. ఫైళ్ల పట్టిక చెడితే ప్రారంభం సగంలో నిలిచిపోతుంది. ఫైల్‌ వ్యవస్థను తనిఖీచేసే సాధనంతో దానిని సరిచేస్తే చాలు. ఫర్మ్‌వేర్‌తో పనే లేదు.

నవీకరణ సగంలో ఆగిన పరికరంలో దెబ్బతినేది ప్రాయికంగా మొదటి విభాగం. కోబో నవీకరణలు కోబోరూట్ అనే సంపీడిత ఫైలు రూపంలో పుస్తకాల విభాగంలోకి చేరి, తదుపరి ప్రారంభంలో మొదటి విభాగం మీద పరచుకొంటాయి. ఆ సమయంలో బ్యాటరీ ఆరిపోతే కొన్ని ఫైళ్లు కొత్తవి, కొన్ని పాతవి అయి వ్యవస్థ పొందిక కోల్పోతుంది. రెండవ విభాగంలోని కర్మాగార ప్రతిని కంప్యూటరులోనే విప్పి మొదటి విభాగంలోకి రాస్తే, పునఃస్థాపన చేసే మేలు దక్కుతుంది. మూడవ విభాగం జోలికి పోవలసిన అవసరం రాదు.

కెర్నల్ లేదా బూట్‌లోడర్ చెడినప్పుడు పరికరం ఏ చలనమూ చూపదు. బోర్డు మీది సీరియల్ బిందువులకు తీగలు కలిపి, సెకనుకు 115200 బిట్ల వేగంతో వింటే ప్రారంభం ఏ మాట దగ్గర ఆగిందో తెలుస్తుంది. ఇందుకు వాడే యూఎస్‌బి సంధాయకం బోర్డు వోల్టేజికి సరిపోవాలి. 5 వోల్టుల సంకేతం పంపితే ప్రాసెసర్ కాలిపోవచ్చు. ఒక్క అక్షరమూ రాకపోతే బూట్‌లోడర్‌ను గాని, కార్డును గాని అనుమానించాలి. కెర్నల్ స్థానం కార్డు మొదటి నుంచి 2048వ సెక్టారు. సెక్టారు 512 బైట్లు కనుక అది 1 మెగాబైటు దూరం. సరైన కెర్నల్‌ను అక్కడ, అంత నిడివి మేరకే రాయాలి. ఒక అంకె తప్పితే పక్కనున్న సమాచారం మీద రాత పడుతుంది.

తరచుగా జరిగే అనర్థం ఇక్కడే ఉంది. మరొకరి గ్లో నుంచి తీసిన సంపూర్ణ ప్రతి లభించినప్పుడు, దానిని మొత్తంగా రాసివేయడం సులభంగా తోస్తుంది. పరికరం మేల్కొంటుంది కూడా. కాని క్రమసంఖ్య అవతలి పరికరానిది అవుతుంది. 1024వ సెక్టారు వద్ద ఉండే హార్డ్‌వేర్ వివరణ వేరే బోర్డుదైతే స్పర్శ పనిచేయకపోవచ్చు, తెర అసలే వెలగకపోవచ్చు. తరంగరూపం సంగతి ఇంకా సున్నితం. రేణువులను ఏ ఉష్ణోగ్రత వద్ద ఎంతసేపు, ధన ఋణ 15 వోల్టులలో దేనితో నెట్టాలో చెప్పే పట్టిక అది. ఒక తెర పట్టికతో మరో తెరను నడిపితే పాత పుట నీడలు మిగిలిపోతాయి. ధన ఋణ స్పందనల సమతూకం తప్పిన స్థితి చిరకాలం కొనసాగితే తెరకే హాని కలుగుతుంది. అరువు ప్రతి తప్పనిసరి అయిన చోట ముందుగా దానిని కొత్త కార్డు మీద రాసి, ఆపై సొంత నకలు నుంచి క్రమసంఖ్యను, హార్డ్‌వేర్ వివరణను, తరంగరూపాన్ని వాటి వాటి స్థానాలలో తిరిగి నిలపాలి. హార్డ్‌వేర్ వివరణ మొదట 'హెచ్‌డబ్ల్యూ కాన్ఫిగ్' అన్న అక్షరాలు ఉంటాయి కనుక, రాయకముందే ఆ చోటును చదివి సరిచూసుకోవచ్చు.

యూ-బూట్, లినక్స్ కెర్నల్ రెండూ గ్నూ సార్వజనిక లైసెన్సు కింద వెలువడినవి. అందుచేత కోబో సంస్థ తన పరికరాలలో వాడిన వాటి మూలసంకేతాన్ని ప్రచురించింది. ఈ మరమ్మతు విజ్ఞానమంతా ఆ లైసెన్సు షరతుకు ఎంతో ఋణపడి ఉంది. నికెల్ మాత్రం సంస్థ సొత్తు. అందువల్ల కూడా సొంత పరికరపు నకలుకు అరువు ప్రతి సాటిరాదు.

6. రాత నిలవని కార్డు

అన్నీ సరిగా రాసినా లోపం అలాగే ఉంటే కార్డును శంకించాలి. ఫ్లాష్ జ్ఞాపకం అరిగినప్పుడు కొన్ని కార్డులు తమను తాము చదువుటకు మాత్రమే పరిమితం చేసుకొంటాయి. రాత విజయవంతమైందని కంప్యూటరు చెబుతుంది. కార్డును తీసి మళ్లీ పెడితే పాత సమాచారమే కనబడుతుంది. పునఃస్థాపన ఎన్నిసార్లు చేసినా పాత పుస్తకాలే తిరిగి కనబడే రీడర్ ఈ కోవకు చెందినది. దానికి ఫర్మ్‌వేర్ అక్కరలేదు, నమ్మదగిన కొత్త కార్డు కావాలి. పాత కార్డు నకలును కొత్తదానిపై యథాతథంగా రాస్తే, సొంత క్రమసంఖ్యతో, సొంత తరంగరూపంతో పరికరం లేస్తుంది. కొత్త కార్డు 8 గిగాబైట్లదైనా మూడవ విభాగం పాత పరిమాణంలోనే ఉంటుంది. దానిని విడిగా విస్తరించాలి. రాసినదానిని తిరిగి చదివి మూలంతో పోల్చిన తరువాతే మూత మూయడం ఉచితం.

తరువాతి కాలపు కోబోలలో కొన్నింటిలో, ఉదాహరణకు లిబ్రా హెచ్2ఓలో, జ్ఞాపకం బోర్డుకు అతికించిన ఈఎమ్‌ఎమ్‌సి చిప్ రూపంలో ఉంది. అక్కడ కార్డు తీసే వీలు లేదు. బూట్‌లోడర్ బతికి ఉంటే సీరియల్ మార్గంలో దానితో మాట్లాడవచ్చు. అదీ చెడితే చిప్‌నే ఊడదీయవలసి రావచ్చు. అది ఇంటి బల్ల మీద జరిగే పని కాదు. అటువంటి పరికరాల యజమానులకు మిగిలిన రక్షణ ఒక్కటే: రీడర్ పనిచేస్తున్న రోజులలోనే, పుస్తకాలతోపాటు కోబో ఫోల్డరులోని దత్తనిధిని కూడా అప్పుడప్పుడు కంప్యూటరులోకి దించుకోవడం.